బిడ్డను ఒక ఊళ్ళో, తల్లిని ఇంకో ఊళ్ళో ఉంచి చేతికి పొడిపాల డబ్బా ఇవ్వకండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్య, ఔషధ నియంత్రణ, ఆహార భద్రత అధికారులకు, ఈ జిల్లాల్లో పసికందులకు శస్త్రచికిత్సలు చేసే వైద్యులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను నవజాత శిశువుల వార్డులో చాలా ఏళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. తిరుపతిలోనే ఉంటున్నాను. ఆపరేషన్ అయిన చంటిబిడ్డతో ఇంటికి చేరిన కుటుంబాలు ఇప్పటికీ డిశ్చార్జి చీటీ పట్టుకుని మా ఇంటికి వస్తుంటాయి. అందులో ఏముందో చదివి చెప్పమంటాయి. ఆ చీటీలు చదివి చదివి ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

ఆపరేషన్ అయిన బిడ్డలకు అవసరం లేని పొడిపాలు, సప్లిమెంట్లు రాసివ్వడం ఆపమని ముందు అర్జీ రాశాను. సోమవారం అర్జీలు తీసుకునే చోట వరుసలో కూర్చుని ఇచ్చాను. రసీదు ఇచ్చారు. సంబంధిత శాఖకు పంపామని ఫోనుకు సందేశం వచ్చింది. కొన్నాళ్ళకు 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని మరో సందేశం వచ్చింది. ఈ మధ్యలో నాతో ఎవరూ మాట్లాడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. పరిష్కారమైనది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. తెలిసిన వైద్యులు ఒకరిద్దరికి అర్జీ నకలు చూపించాను. 'మీరు చెప్పింది నిజమే సిస్టర్, కానీ ఏదో ఒకటి రాయకపోతే తల్లిదండ్రులే ఊరుకోరు' అన్నారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మీ చేతి నైపుణ్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అన్నవాహిక కడుపుతో కలవకుండా పుట్టిన బిడ్డలూ, మలద్వారం లేకుండా పుట్టిన బిడ్డలూ మా చిన్నతనంలో పేరు పెట్టకముందే పోయేవారు. ఇప్పుడు బడికి వెళ్తున్నారు. 2021లో టీటీడీ తిరుపతిలోనే పిల్లల గుండె ఆసుపత్రి తెరిచాక వేలూరుకూ, చెన్నైకీ పరుగెత్తే బాధ కూడా చాలామందికి తప్పింది. నా బాధంతా ఆపరేషన్ థియేటర్ తలుపు దాటి బిడ్డ బయటికి వచ్చిన తర్వాతి సంగతుల గురించే.

పుట్టిన వారం లోపల కోత పడిన బిడ్డకు ఇన్‌ఫెక్షన్‌ను మించిన శత్రువు లేదు. సర్జన్ వేసిన అతుకు చక్కగా నిలబడుతుంది, పదో రోజున రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి బిడ్డ చేజారిపోతుంది. వార్డులో పనిచేసిన వాళ్ళెవరికీ ఇది కొత్త సంగతి కాదు. ఢిల్లీలోని పెద్ద ఆసుపత్రుల్లో ఐసీయూలో చేరిన 13,530 మంది నవజాత శిశువులను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 14.3 శాతం మందికి సెప్సిస్, అంటే ఒంటినిండా పాకే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, వచ్చినట్టు తేలింది. ఎక్కువగా దొరికిన క్రిములు అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలై. వాటిలో చాలావాటికి మన దగ్గరున్న గట్టి యాంటీబయాటిక్‌లు కూడా పనిచేయలేదు. ఆపరేషన్ అయిన బిడ్డకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పేగు కొన్నాళ్ళు కదలదు, నోటితో పాలు పట్టలేం. పోషకాలన్నీ పెద్ద సిరలో పెట్టిన గొట్టం గుండా ఎక్కించాలి. ఆ గొట్టం ఎన్ని రోజులుంటే క్రిమికి అన్ని రోజులు దారి తెరిచి ఉన్నట్టే. కాబట్టి నోటితో పాలు ఎంత త్వరగా మొదలైతే, గొట్టం ఎంత త్వరగా తీస్తే బిడ్డకు అంత మేలు. ఆ పాలు ఎవరివి అన్నదే నా ప్రశ్న.

ఇన్‌ఫెక్షన్ భయం ఉన్నచోటే 'రోగనిరోధక శక్తి' అమ్మేవాళ్ళు వాలతారు. నగరి దగ్గర పవర్‌లూమ్ మీద పనిచేసే ఒక తండ్రి ఈమధ్య నా ముందు సంచి బోర్లించాడు. పొట్టమీద మలమార్గం పెట్టించుకుని ఇంటికి వచ్చిన బిడ్డ కోసం ఒక ఆసుపత్రి ఇచ్చినవి అవి. పొడిపాల డబ్బా ఒకటి, పాలలో ఉండే లాక్టోఫెరిన్ అనే మాంసకృత్తు పొట్లాలు, 'మేలు చేసే' క్రిములుండే ప్రోబయాటిక్ చుక్కల మందు, మల్టీవిటమిన్ చుక్కలు, గ్యాస్ మందు, 'ఇమ్యూనిటీ' అని మెరిసే అక్షరాల్లో రాసి ఉన్న ఇంకో సీసా. చీటీలో వీటన్నిటికీ కలిపి ఒక్క ముక్క ఉంది: సప్లిమెంట్లు కొనసాగించాలని, అది కూడా ఇంగ్లీషులో. ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి, ఎందుకు ఇవ్వాలి, ఎలా కలపాలి, ఏదీ లేదు. ఆ ఇమ్యూనిటీ సీసా వెనక్కి తిప్పి చూస్తే మందుల లైసెన్సు లేదు, ఆహార పదార్థంగా లైసెన్సు ఉంది. 'ఔషధంగా వాడటానికి కాదు' అని చిన్న అక్షరాల్లో వాళ్ళే రాసుకున్నారు. ఔషధం కానిదాన్ని మందుల చీటీలో ఎందుకు రాశారని ఆ తండ్రి నన్ను అడిగాడు. అడగవలసింది నన్ను కాదు కాబట్టి ఆ ప్రశ్నను మీకు అందజేస్తున్నాను.

ఒక్కొక్కటీ చూద్దాం. పొడిపాల సంగతి ముందు చెబుతాను. ఎక్కువ హాని చేయగలిగింది, అందరూ మామూలు విషయంగా తీసుకునేదీ అదే.

డబ్బాలోని పొడి క్రిమిరహితం కాదు. ఫ్యాక్టరీ ఎంత శుభ్రంగా ఉన్నా క్రోనోబాక్టర్ అనే క్రిమి పొడిలో ప్రాణాలతో ఉండగలదు. అది పెద్దవాళ్ళను పెద్దగా పట్టించుకోదు. నెల లోపు బిడ్డకు, నెలలు నిండని బిడ్డకు, జబ్బుతో నీరసించిన బిడ్డకు మాత్రం రక్తంలోకీ మెదడు పొరల్లోకీ వెళ్ళి ప్రాణం తీస్తుంది. 2022లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఒక పెద్ద పొడిపాల ఫ్యాక్టరీని ఈ క్రిమి కారణంగానే మూయవలసి వచ్చింది. అప్పుడు జబ్బుపడిన బిడ్డల్లో దొరికిన క్రిమీ, ఫ్యాక్టరీలో దొరికిన క్రిమీ ఒకటేనని పరీక్షల్లో రుజువు కాలేదు, అది కూడా చెప్పాలి. అయినా ఫ్యాక్టరీలో క్రిమి ఉన్నమాట నిజం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే స్పష్టంగా చెప్పింది: పొడిని 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్ళలో కలపాలి, వెంటనే చల్లార్చి పట్టాలి, రెండు గంటలు దాటితే పారబోయాలి.

70 డిగ్రీలంటే వేలు ముంచలేని వేడి. సలసల కాగిన లీటరు నీళ్ళను అరగంట లోపలే వాడుకోవాలి. మన దగ్గర జరిగేది ఏమిటి? నీళ్ళు ఇరవై లీటర్ల క్యానులోవి. 'మినరల్ వాటర్ కదా సిస్టరమ్మా, కాచడం ఎందుకు' అంటారు. రాత్రి రెండింటికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఫ్లాస్కులో సాయంత్రం పోసిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. అందులోనే పొడి కలిసిపోతుంది. మరీ వేడి నీళ్ళలో ఉండలు కడుతుందని కూడా గోరువెచ్చని నీళ్ళే వాడతారు. కొన్ని డబ్బాల మీద 'కాచి, గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళు' అనే ఉంటుంది. ఆ తల్లిని తప్పుపట్టి లాభం లేదు. సీసా అడుగున మిగిలిన పాలు పారబోయడానికి ఆమెకు మనసు రాదు, ఎందుకంటే ఆ డబ్బా ఖరీదు ఆమెకు తెలుసు. చెంచా డబ్బాలోనే ఉంటుంది. పొట్టమీద మలం పడే సంచి మార్చిన చేయి, చెంచా పట్టుకునే చేయి ఒకటే.

ఇక ప్రోబయాటిక్‌లు. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే వీటిలో మేలు చేసే సందర్భాలూ ఉన్నాయి. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. లాక్టోబాసిల్లస్ క్రిమిని ఒక రకం పీచు చక్కెరతో కలిపి వారం రోజులు ఇస్తే, సెప్సిస్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. మన దేశం గర్వించదగ్గ పని అది. కానీ ఆ బిడ్డలు ఆరోగ్యంగా పుట్టి తల్లిపాలు తాగుతున్నవాళ్ళు, బరువు రెండు కిలోలకు తగ్గనివాళ్ళు. పెద్ద సిరలో గొట్టంతో, పొట్టమీద కుట్లతో ఉన్నవాళ్ళు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 32 వారాల లోపు పుట్టి తల్లిపాలు తాగే బిడ్డలకు ప్రోబయాటిక్ ఇచ్చే విషయం ఆలోచించవచ్చని 2022లో చెప్పింది. అంటే ఆసుపత్రిలో, నిపుణుల కళ్ళ ముందు అని అర్థం. మరుసటి ఏడాదే, ఆసుపత్రిలో ప్రోబయాటిక్ ఇచ్చిన ఒక నెలలు నిండని బిడ్డ అదే క్రిమి రక్తంలోకి చేరి చనిపోయిందని అమెరికా ఆహార ఔషధ సంస్థ వైద్యులను హెచ్చరించింది. 2014లో అక్కడే ఇంకో బిడ్డ ప్రోబయాటిక్ పొడిలో కలిసిన బూజు వల్ల పోయింది. మన దగ్గర విరేచనాలకు విరివిగా రాసే శాకరోమైసెస్ బౌలార్డీ అనే ఈస్టు పొట్లాలు ఉన్నాయి కదా, పెద్ద సిరలో గొట్టం ఉన్నవాళ్ళకు అవి ఇవ్వనే కూడదని యూరప్‌లో ఆ మందు వివరాల పత్రంలో రాసి ఉంటుంది. పక్క మంచం దగ్గర పొట్లం చించినా, ఆ చేతులతో గొట్టం ముట్టుకుంటే చాలు, ఈస్టు రక్తంలోకి చేరవచ్చు. మన వార్డుల్లో మంచాల మధ్య ఎంత ఎడం ఉంటుందో నేను చెప్పనక్కర లేదు.

లాక్టోఫెరిన్ గురించి ఎన్నో ఆశలు ఉండేవి. బ్రిటన్‌లో 2,203 మంది నెలలు నిండని బిడ్డలపై పరీక్షించి 2019లో ఫలితం చెప్పారు: ఇచ్చినవాళ్ళలో 29 శాతం మందికి, ఇవ్వనివాళ్ళలో 31 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. గ్లుటమిన్ అనే మరో సప్లిమెంటును సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న బిడ్డల మీదే, అంటే పేగు ఆపరేషన్ అయిన 174 మంది శిశువుల మీద, బ్రిటన్‌లోనే పరీక్షించారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం నోటితో పూర్తిగా పాలు తాగే రోజు ముందుకు జరగలేదు, మొత్తం మీద ఇన్‌ఫెక్షన్లూ తగ్గలేదు. పూర్తిగా సిర ద్వారానే పోషణ జరిగే రోజుల్లో కొంత తగ్గినట్టు కనిపించింది. అది ఇంకా పరిశోధన చేయవలసిన విషయం, ఇంటికి వెళ్ళే బిడ్డ సంచిలో పెట్టవలసిన వస్తువు కాదు.

ఏ సప్లిమెంటూ వద్దని నేను అనడం లేదు. తల్లిపాలు తాగే బిడ్డకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు కావాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు వైద్యులు చెప్పిన వయసులో ఐరన్ కావాలి. గుండె ఆపరేషన్ తర్వాత ఛాతీలో కొవ్వు ద్రవం చేరిన బిడ్డకూ, పేగు చాలావరకు తీసేయవలసి వచ్చిన బిడ్డకూ ప్రత్యేకమైన పాలపొడే ప్రాణం నిలబెట్టవచ్చు. ఈ ఉత్తరం చదివి ఏ తల్లీ వైద్యులను అడగకుండా ఏ మందూ ఆపకూడదు. అవసరమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి, వాటి కారణం కాగితం మీద రాయడం కష్టం కాదు. సంచి నింపినవి మిగతావి.

అవ్వ తేనె నాకించిందనీ, వసకొమ్ము అరగదీసి పెట్టిందనీ, ఆముదం పోసిందనీ వార్డులో మనం ఎన్ని కేకలు వేస్తామో! వేయవలసిందే. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదం, ఆపరేషన్ అయిన బిడ్డకు ఆముదం మరీ ప్రమాదం. కానీ రుజువు లేనిది అవ్వ చేతిలో ఉంటే మూఢనమ్మకం, రంగుల సీసాలో ఉంటే చికిత్స ఎలా అవుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ డబ్బా చేతికి రావడానికి కారణం డబ్బా కంపెనీ ఒక్కటే కాదు. కుప్పం వైపో, పలమనేరు వైపో, సత్యవేడు వైపో ఒక ఆసుపత్రిలో సిజేరియన్ అవుతుంది. బిడ్డకు లోపం ఉందని తెలుస్తుంది. బిడ్డను తండ్రితోనో మేనమామతోనో అంబులెన్సులో తిరుపతికి పంపుతారు. తల్లి కుట్లతో అక్కడే మంచం మీద ఉంటుంది. మూడు రోజులో ఐదు రోజులో గడుస్తాయి. పాలు పిండమని ఆమెకు ఎవరూ చెప్పరు. బిడ్డే దగ్గర లేనప్పుడు పిండి ఏం చేస్తావని ఇంట్లోవాళ్ళే అంటారు. రొమ్ములు గడ్డకట్టి, జ్వరం వచ్చి, పాలు ఇంకిపోతాయి. ఇక్కడ బిడ్డ పేగు కదలడం మొదలై, 'ఇవాళ రెండు మిల్లీలీటర్లతో మొదలుపెడదాం' అని సర్జన్ గారు అనే రోజుకు ఆ రెండు మిల్లీలీటర్లు ఇవ్వడానికి తల్లి లేదు. సిస్టర్ ఏం చేస్తుంది? తండ్రిని కింద మెడికల్ షాపుకు పంపుతుంది. మొదటి డబ్బా అలా వస్తుంది. తల్లి వచ్చేసరికి 'నాకు పాలు పడటం లేదు' అనే మాట స్థిరపడిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని సలహాలు చెప్పినా డబ్బా ఇల్లు వదలదు.

ప్రసవమైన ఆరు గంటల లోపే పిండటం మొదలుపెట్టి, రాత్రిపూట కూడా మానకుండా రోజుకు ఎనిమిది సార్లు పిండితే పాలు నిలబడతాయి. మొదటి రోజుల్లో వచ్చేది చెంచాడు ముర్రుపాలే. దాన్ని దూదితో బిడ్డ బుగ్గల లోపల రాసినా మంచిదే. మన బిడ్డకు కావలసిన సప్లిమెంటు ఆ చెంచాలోనే ఉంది. అందులో లాక్టోఫెరిన్ ఉంది, రక్షక కణాలున్నాయి, ఇమ్యూనిటీ అని ఎవరూ ముద్ర వేయలేదు కాబట్టి దానికి ధర లేదు.

దీనివల్ల మామూలు కుటుంబాల మీద పడుతున్న భారం చెబుతాను.

1. డబ్బు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ ఉచితంగా జరిగిన కుటుంబం కూడా బయట మెడికల్ షాపులో డబ్బాలు సొంత డబ్బుతో కొంటోంది. ఉపాధి హామీ పనికి వెళ్తే రోజుకు మూడు వందల రూపాయలు, కాస్త అటూ ఇటూ. ఒక్క డబ్బాకు రెండు మూడు రోజుల కూలి పోతుంది, ప్రత్యేక పొడి అయితే వారం కూలి కూడా పోవచ్చు. డబ్బా వారం రోజులు కూడా రాదు. అందుకని ఏం చేస్తారు? మూడు చెంచాలకు బదులు రెండు వేస్తారు. బిడ్డ బరువు పెరగదు. మలద్వారం లేకుండా పుట్టిన బిడ్డలకు చాలామటుకు మూడు విడతల్లో ఆపరేషన్లు చేస్తారు. బరువు పెరగకపోతే రెండో విడత వాయిదా పడుతుంది, పొట్టమీది సంచి ఇంకొన్ని నెలలు ఉంటుంది, ఆ సంచులూ ఈ డబ్బులోంచే కొనాలి. చెవి కమ్మలు తాకట్టు పెట్టి సప్లిమెంట్లు కొన్న తల్లి నాకు తెలుసు. ఆమె మూడు పూటలా తిన్నదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

2. మళ్ళీ ఆసుపత్రి. విరేచనాలతోనో, జ్వరంతోనో, పాలు తాగకుండా నీరసించిపోయో బిడ్డ తిరిగి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కొత్త యాంటీబయాటిక్, కొత్త సూది, కొత్త గొట్టం. ఇన్‌ఫెక్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతికేవాళ్ళు లేరు. డబ్బా పొడిని పరీక్షకు పంపిన సందర్భం నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. కాబట్టి మన జిల్లాల్లో ఎంతమంది బిడ్డలకు పొడిపాల వల్ల హాని జరుగుతోందన్న లెక్క ఎవరి దగ్గరా ఉండే అవకాశం లేదు. లెక్క లేకపోవడాన్ని ప్రమాదం లేకపోవడంగా చూపించవద్దని కోరుతున్నాను.

3. తల్లి మీద నింద. 'నీకు పాలు లేకే కదా బిడ్డకు ఈ గతి' అనే మాట అత్తగారింట్లో పడుతుంది. ఆమెను బిడ్డకు వంద కిలోమీటర్ల దూరంలో వదిలి వచ్చింది మన వ్యవస్థ. నింద మోసేది ఆమె.

4. గ్యాస్ మందు సంగతి చిన్నదే అనిపించవచ్చు. కడుపులో ఆమ్లం తగ్గించే మందులు వాడిన నెలలు నిండని బిడ్డల్లో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయని వైద్యులకు తెలుసు. ఆమ్లం కూడా ఒక కాపలాయే. కక్కిన ప్రతి బిడ్డకూ అవి రాయడం ఆపాలి.

5. గ్రామంలో తోడు లేకపోవడం. ఆశా కార్యకర్త ప్రసవం తర్వాత 42వ రోజు వరకు ఇంటికి వచ్చి బిడ్డను చూస్తుంది. పొట్టమీద మలమార్గం ఉన్న బిడ్డను చూడగానే ఆమె కూడా భయపడుతుంది, ఎందుకంటే ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషు చీటీ ఆమెకూ అర్థం కాదు. చివరికి సలహా ఇచ్చేవాడు మెడికల్ షాపులో కుర్రవాడు. అతని దగ్గర ప్రతి ప్రశ్నకూ ఒక సీసా ఉంటుంది.

కొత్త చట్టాలు చేయమని నేను అడగడం లేదు, ఉన్నవి చాలు. శిశువుల పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాల నియంత్రణ చట్టం 1992లో వచ్చింది, 2003లో ఇంకా గట్టిపడింది. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి ప్రచారం చేయరాదు. ఆసుపత్రిలో ఆ పోస్టర్లూ, డబ్బాలూ ప్రదర్శించరాదు. ఉచిత నమూనాలు పంచరాదు. ఆరోగ్య సిబ్బందికి కానుకలు, కమీషన్లు ఇవ్వరాదు, సిబ్బంది తీసుకోరాదు. ఉల్లంఘిస్తే మూడేళ్ళ వరకు జైలు. జబ్బుపడిన నవజాత శిశువుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు, పరీక్షలు, రవాణా ఉచితంగా ఇవ్వాలని జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 నుంచీ చెబుతోంది, తర్వాత ఏడాది వయసు వరకు పొడిగించారు కూడా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లిపాల సేకరణ కేంద్రాలు ఎలా నడపాలో కేంద్రం 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వీటిని అమలు చేయమనే అడుగుతున్నాను. నా డిమాండ్లు ఇవి.

1. ఆపరేషన్ కోసం బిడ్డను పంపేటప్పుడు తల్లిని కూడా పంపాలి. నడవగలిగే స్థితిలో ఉంటే అదే అంబులెన్సులో, లేకపోతే ఒకటి రెండు రోజుల్లో ఇంకో వాహనంలో, ప్రభుత్వ ఖర్చుతో. తిరుపతిలో ఆమెకు బాలింతల వార్డులో మంచం ఇచ్చి, కుట్లు అక్కడే చూడాలి. బిడ్డ ఐసీయూలో ఉంటే తల్లి వరండాలో చాప మీద పడుకోవడం ఇకనైనా ఆగాలి. తల్లి ప్రయాణించలేని స్థితిలో ఉంటే, ప్రసవం జరిగిన ఆసుపత్రిలోనే పాలు పిండించే బాధ్యత పేరుతో సహా ఒక సిస్టర్‌కు అప్పగించాలి. మిగతా డిమాండ్లలో ఏది వాయిదా వేసినా దీన్ని వేయవద్దు.

2. పసికందులకు ఆపరేషన్లు చేసే ప్రతి ఆసుపత్రిలో, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, పాలు పిండుకోవడానికి తలుపు ఉన్న గది, శుభ్రపరచిన పంపులు, పాలు మాత్రమే పెట్టే ఫ్రిజ్ ఉండాలి. వైద్య సేవ పథకంలో ఆసుపత్రిని చేర్చుకునేటప్పుడు ఇది చూసి సంతకం చేయాలి. తల్లిపాలు చాలని బిడ్డకు పాల బ్యాంకు నుంచి పాశ్చరీకరించిన పాలు అందే ఏర్పాటు రెండు జిల్లాలకూ ఉండాలి.

3. డిశ్చార్జి చీటీలో రాసిన ప్రతి సప్లిమెంటు పక్కన నాలుగు విషయాలు తెలుగులో ఉండాలి: ఎందుకు, ఎంత, ఎన్నాళ్ళు, ఎలా కలపాలి. కారణం రాయలేని దాన్ని చీటీలో రాయకూడదు. చిత్తూరు సరిహద్దు మండలాల తల్లులకు తమిళంలో రాసి ఇస్తే ఇంకా మంచిది.

4. పొడిపాలు తప్పనిసరి అయిన బిడ్డ ఇంటికి వెళ్ళేముందు, తల్లి చేత మూడు నాలుగు సార్లు కలిపించి చూడాలి. నీళ్ళు కాచడం నుంచి గిన్నె కడగడం వరకు మొత్తం. పాలసీసా వద్దు, ఉగ్గుగిన్నె చాలు. దాన్ని వేడినీళ్ళలో మరిగించడం తేలిక.

5. ఔషధ నియంత్రణ, ఆహార భద్రత అధికారులు కలిసి ఆసుపత్రి ఆవరణల్లోని మెడికల్ షాపులను తనిఖీ చేయాలి. శిశు ఆహారాల ప్రదర్శన, కంపెనీ ప్రతినిధులు వార్డుల్లోకి రావడం, చీటీకీ కమీషన్‌కూ ఉన్న ముడి, ఈ మూడింటినీ చూడాలి. తనిఖీలో ఏం దొరికిందో ప్రజలకు చెప్పాలి. డబ్బాల నమూనాలు తీసి పరీక్షకు పంపాలి.

6. ఆపరేషన్ అయిన బిడ్డ రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో తిరిగి వస్తే, ఏ పాలు తాగుతోంది, ఏ సప్లిమెంట్లు వాడుతోంది, ఏ బ్యాచ్ అన్నది కేస్ షీటులో నమోదు చేయడం తప్పనిసరి చేయాలి. కాగితం మీద రెండు వరుసలు, అంతే.

7. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు శస్త్రచికిత్స అయిన బిడ్డల సంరక్షణలో ఒక పూట శిక్షణ ఇవ్వండి. నేర్పేవాళ్ళు లేరంటే నేనూ, నాలాగా విరమించిన సిస్టర్లూ వస్తాం. జీతం అడగం.

వైద్యులకు ఒక్క మాట. తల్లిదండ్రులు ఏదో ఒకటి రాయమంటారని మీరు అంటున్నారు. నిజమే, వాళ్ళు భయంలో ఉంటారు. మీ నోటి నుంచి 'ఇది అవసరం లేదు, అమ్మ పాలు పట్టు, చేతులు కడుక్కో' అనే మాట విన్న రోజున వాళ్ళు ఊరటతో వెళ్ళడం కూడా నేను చూశాను. ఆ మాట చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది, సీసా పేరు రాయడానికి ఐదు సెకన్లు. ఓపీలో మీ ముందున్న వరుస ఎంత పొడవో నాకు తెలియక కాదు. ఆ ఐదు నిమిషాలు మాట్లాడటానికి ప్రతి వార్డుకూ ఒక తల్లిపాల సలహాదారును నియమించమని అధికారులను మీరూ మాతో కలిసి అడగండి.

ఈ లేఖకు 'పరిష్కరించబడింది' అన్న సందేశం మళ్ళీ పంపవద్దు. పైన రాసిన ఏడింటిలో ఏవి చేస్తారు, ఏ తేదీకి చేస్తారు, ఏవి చేయలేరు, ఎందుకు చేయలేరు అన్నది సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, ఇవే ప్రశ్నలను ఒక్కొక్క ఆసుపత్రి పేరునా సమాచార హక్కు చట్టం కింద వేస్తాం. దరఖాస్తులు రాయడానికి నగరి తండ్రితో పాటు మరికొన్ని కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
తిరుపతి